లస్మయ్య పెట్టని వేలిముద్ర

పదిహేడో భాగం

పోయిన వారం లస్మయ్యను మా ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వదిలేశాను. వారమంతా మీ పనులు మీరు చూసుకుని ఉంటారు, అతను మాత్రం పాపం అక్కడే ఉన్నాడు. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పి అతన్ని పైకి పిలుస్తాను.

అది రెండువేల ఎనిమిది జూలై. బ్యారెల్ చమురు నూట నలభై డాలర్లు దాటిందని దోహా అంతా సంబరపడుతున్న నెల. అల్ ఖోర్ అవతల ఉన్న చమురు ట్యాంకుల్లో అడుగున పేరుకునే మడ్డిని తోడెయ్యడం మా కంపెనీ పని. నేను, వసుంధరను, అల్ దోహా అల్ జదీదాలో ఉన్న ఆఫీసులో కాగితాలు చూసుకునేదాన్ని. మా ఆయన సుధాకరరావు సైట్‌లో సేఫ్టీ ఆఫీసరు. పదమూడో తారీకు, ఆదివారం మధ్యాహ్నం, ట్యాంకులో ఒక మనిషి చనిపోయాడు. దిగేవాళ్ళు మెడలోంచి తీసి ట్యాంకు ద్వారం దగ్గర బోర్డుకి తగిలించే కార్డు చూస్తే లస్మయ్యది. బయటికి తీసిన శవం పోశన్నది. ఇద్దరిదీ భీంగల్ దగ్గర ఒకే ఊరు, ఒకే వాడ. మావాళ్ళు కార్డు చూసి ఊరికి ఫోన్ చేశారే గానీ మొహం చూడలేదు. లస్మయ్య భార్య రాములవ్వ గుండెలు బాదుకుంటుంటే పోశన్న భార్య గంగాబాయి పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుని కూర్చుంది. సాయంత్రం రెండో ఫోన్ వచ్చింది. పోయింది తన మనిషని గంగాబాయికి ఆ వాకిట్లోనే తెలిసింది.

మా ఆయన ఆ రోజు సైట్‌లో లేనని, దోహాలో మీటింగులో ఉన్నానని చెప్పారు. రోజూ పదకొండున్నరకి, ఎండలో పని ఆపగానే, నాకు ఫోన్ చేసి తిన్నావా అని అడగడం ఆయన అలవాటు. ఆ ఆదివారం ఫోన్ రాలేదు. మీటింగు కదా అని నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇది జరిగిన పదిరోజులకి మా పర్సనెల్ మేనేజరు రామకృష్ణారావు గారు లస్మయ్యకు కబురు పంపారు.

రామకృష్ణారావు గారిని మీరు రాక్షసుడిలా ఊహించుకుంటే నా తప్పవుతుంది. నవ్వు మొహం. సెలవుకి వెళ్ళొచ్చినప్పుడల్లా ఆఫీసంతటికీ ఆత్రేయపురం పూతరేకులు తెస్తారు. నా ఫ్యామిలీ వీసా ఆగిపోయినప్పుడు స్వయంగా నాలుగుసార్లు తిరిగి పని అయ్యేలా చేసింది ఆయనే. అల్ వుకైర్‌లో మా ఇంటికి భోజనానికి వస్తే గుత్తివంకాయ కూర రెండోసారి అడిగి వేయించుకుంటారు. చెడ్డవాళ్ళు చెడ్డవాళ్ళలా ఉంటే ఈ లోకంలో నాలాంటివాళ్ళకి ఎంత సుఖంగా ఉండేదో.

లస్మయ్య పైకి వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో. చొక్కా ఇస్త్రీదే గానీ గోళ్ళలో మడ్డి నలుపు ఎంత రుద్దినా పోదు.

"రా లస్మయ్యా, కూర్చో. చాయ్ తాగుతావా?" అన్నారు రామకృష్ణారావు గారు.

"వద్దు సార్. నిలవడ్త."

బల్ల మీద మూడు వస్తువులున్నాయి. ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ టైపు చేసిన ఒక కాగితం, మూత తీసిన సిరా డబ్బా, లస్మయ్య పాస్‌పోర్టు. పాస్‌పోర్టు మీద రామకృష్ణారావు గారి అరచెయ్యి ఉంది.

"వసుంధరా, ఇది అతనికి కాస్త చెప్పమ్మా. అంతా చదవక్కర్లేదు, లాయర్ల గోల. తోటివాడు పోయినందుకు బాధగా ఉందని, తనకి తెలిసింది చెప్పానని రాశాం. అంతే అని చెప్పు, చాలు."

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ఐదేళ్ళలో ఇలాంటి 'అంతే'లు నేను చాలా చెప్పాను. జీతం కోత కాగితాల మీద, కూలీల క్యాంప్ మార్చే కాగితాల మీద, ఓవర్‌టైమ్ అడగబోమని రాసిచ్చే కాగితాల మీద. ఏముంది మేడం ఇందులో అని అడిగితే, ఏం లేదు, మామూలే అనేదాన్ని. తెలుగావిడ కదా, మనకి అన్యాయం చేస్తుందా అనుకుని నా మొహం చూసి వేలిముద్ర వేసేవారు. నా మొహం ఖరీదు కంపెనీకి తెలుసు, నాకే తెలియలేదు.

ఆ రోజూ అదే అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"మేడం, మొత్తం సదువుండ్రి. నేను వింట," అన్నాడు లస్మయ్య.

గట్టిగా అనలేదు. అడుక్కోనూ లేదు. క్యాంప్‌లో నీళ్ళ వంతు ఎవరిదో అడిగినట్టు మామూలుగా అడిగాడు. నేను కాగితం తీసుకుని, ఇంగ్లీషు వాక్యం ఒక్కోటీ తెలుగులోకి మార్చి పైకి చదివాను.

"లస్మయ్య అను నేను చెప్పునదేమనగా, నా పరుపు కింద ఉంచిన ట్యాంకు కార్డును నా గదిలో ఉండే పోశన్న నాకు తెలియకుండా దొంగిలించి, డ్యూటీ లేని సమయంలో, కంపెనీ అనుమతి లేకుండా ట్యాంకులోకి ప్రవేశించినాడు. అతని మరణంతో కంపెనీకి ఏ సంబంధమూ లేదు."

రామకృష్ణారావు గారు నా వైపు చూసిన చూపు నాకు కాగితం అంచు మీంచి కనపడుతూనే ఉంది. తల ఎత్తలేదు.

"మల్లొక్కసారి సదువుండ్రి మేడం."

మళ్ళీ చదివాను. 'దొంగిలించి' అన్న మాట రెండోసారి పలకడానికి నాకు నాలుక తిరగలేదు. అయినా పలికాను, ఆ మాట అతను సరిగ్గా వినాలని.

"గా దొంగ అన్న మాట ఎవలు జెప్పిండ్రు సార్ మీకు?" అన్నాడు లస్మయ్య. "నేనైతె జెప్పలే. నేను జెప్పింది ఇనుండ్రి. ఆ రోజు మా ఊరపండుగ. మా ఇంటిది పోశమ్మకు బోనం ఎత్తుతది. నేనీడ ఒక్కపొద్దున్న. పొద్దటి సంది మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలే. పదకొండున్నరకు ఎండల పని బందు వెట్టిండ్రు. పోశన్నోళ్ళది బయట గొట్టాల పని, ఆళ్ళంత నీడకు పండుకున్నరు. మా కాడికేమో ఫోర్‌మన్ యల్లా యల్లా, నడువుండ్రి అనుకుంట వచ్చిండు. ట్యాంకుల ఎండెక్కడున్నది, దిగుండ్రి అన్నడు."

ఈ ముక్క నాకూ తెలుసు. వేసవిలో పదకొండున్నర నుంచి మూడింటిదాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. మంచి రూలు. మా కంపెనీ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఎండలో ఉన్నవాళ్ళను నీడలో పడుకోబెట్టి, నీడ ఉంది కదా అని మిగతావాళ్ళను ఇనప ట్యాంకులోకి దింపింది. లోపల ఎంత వేడో రూలులో రాయలేదు.

"పోశన్న నా మొఖం జూసిండు," అన్నాడు లస్మయ్య. "ఉత్త కడుపుతోని గా వాసనల దిగితె కండ్లు తిరిగి పడ్తవు అన్నడు. మా ఇంట్ల పురుడున్నది, నాకు ఒక్కపొద్దు లేదు, కడుపునిండ తిన్న, కార్డు ఇయ్యి, మూడింటిదాక నేను జూస్త అన్నడు. వాళ్ళ తమ్మునికి కొడుకు పుట్టిండని ముందటి దినమే క్యాంప్‌ల అందరికి లడ్డూలు పంచిండు సార్. నేను వద్దన్న. ఒక్కపారే వద్దన్న. రెండోపారి అనలే."

లస్మయ్య చొక్కా మీద, కార్డు వేలాడే చోట చెయ్యి పెట్టి చూపించాడు.

"ఆయిన పండుకునే టైం నాకిచ్చిండు. నా మెడల ఉన్న కార్డు నా చేతులతోని తీసి ఆయిన మెడల నేనే ఏసిన. ఇగ దొంగెవడు సార్?"

రామకృష్ణారావు గారు మెల్లిగా, ఓపిగ్గా చెప్పారు. "చూడు లస్మయ్యా. నీ మేలు కోరి చెప్తున్నాను. కార్డు ఇంకొకడికి ఇవ్వడం ఇక్కడ నేరం. నేనే ఇచ్చానంటే నిన్ను లోపలేస్తారు. వాడే తీసుకున్నాడంటే నీకు ఏ గొడవా లేదు. గురువారం టికెట్ సిద్ధంగా ఉంది. పాస్‌పోర్టు ఇదిగో. ఇంటికెళ్ళి పెళ్ళాంపిల్లల్ని చూసుకో. పోయినవాడు ఎలాగూ పోయాడు. వాణ్ణి ఏమంటే వాడికి తెలుస్తుంది?"

"గంగాబాయికి ఏమొస్తది సార్?"

"శవాన్ని కంపెనీ ఖర్చుతో పంపిస్తాం."

"డ్యూటీల సచ్చిండని రాస్తె ఏమొస్తది?"

ఆ జవాబు నేను చెప్పాను. పని మీద చనిపోతే నష్టపరిహారం వస్తుంది, పోశన్న పిల్లలు పెద్దయ్యేదాకా ఆ ఇల్లు నిలబడుతుంది, దొంగతనంగా దూరి చనిపోతే ఒక్క రియాల్ కూడా రాదు అని. నన్నెవరూ అడగలేదు. నా నోరు ఆ రోజు నా మాట వినడం మానేసింది.

"నిన్న గంగాబాయి ఫోన్ జేసింది," అన్నాడు లస్మయ్య. "పైసల మాట అడగలే. లస్మన్నా, ఆడ నీ దోస్తు ఏం తప్పు జేసిండే, మిమ్ముల పంపిన గా మెట్‌పల్లి ఏజెంటు ఊర్లకొచ్చి దొంగతనంగ పొయ్యి సచ్చిండు అంటున్నడు అని ఏడ్చింది. నాకు సమజ్ కాలే. ఈడ నేనింక ఏలు పెట్టనే లేదు, ఆడ ఏజెంటుకు ఎట్ల ఎర్క సార్ గీ ముచ్చట?"

రామకృష్ణారావు గారి నవ్వు కొంచెం పక్కకి జరిగింది.

"ఎర్కనే మాకు. మా వీసా కంపెనీకి ఉట్టిగ వచ్చింది. గదే వీసా మాకు ఏజెంటు ఎనభై వేలకు అమ్మిండు. ఆయిన తినేది ఆడ, మీరు తినేది ఈడ. నేను దిగిన ట్యాంకుల చమురు నూట నలభై అయిందట, మా ఊర్ల బోరింజన్ల డీజిల్ పోసుకునేతందుకు పైసలు లేక పొలం పడావు పెట్టిండ్రు. బావులు ఈడ, అప్పులు మా ఊర్ల. సరే, గది మా కర్మ అనుకున్నం. ఇప్పుడు మా సచ్చినోన్ని గూడ దొంగను జేసి పంపుతమంటరా?"

లస్మయ్య చెయ్యి చాపాడు. వేలిముద్రకే అనుకున్నాం ఇద్దరమూ. అతను సిరా డబ్బా మూత తీసుకుని, డబ్బాకి పెట్టి, గట్టిగా నొక్కి మూసేశాడు.

"జైలుకు పంపుండ్రి. కార్డు నేనే ఇచ్చిన. అడిగినోళ్ళకల్ల గిదే జెప్త. ఏలు మాత్రం పెట్ట."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. చప్పట్లు కొట్టే ధైర్యం కూడా లేనిదాన్ని, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

రామకృష్ణారావు గారు సొరుగు లాగి ఒక ఎర్ర ఫైలు తీశారు. ఇంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. "నువ్వు పెట్టకపోతే ఆగిపోతుందనుకున్నావా? ఆ రోజు పర్మిట్ ఇది. లోపలికి దిగినవాళ్ళలో పోశన్న పేరే లేదు. దిగేముందు గాలి పరీక్ష చేశారు. విషవాయువు సున్నా. రాసి ఉంది. గాలి బాగుంటే మనిషెందుకు పోతాడు? గుండె ఆగి పోయాడు. మంచం మీదున్నా పోయేవాడే!"

ట్యాంకులోకి మనిషి దిగేముందు ఒక పసుపు రంగు మీటరుని తాడు కట్టి లోపలికి వదులుతారు. మడ్డి కదిలినప్పుడు పైకి లేచే వాయువు ఎంతుందో అది అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకె రాసి, టైము వేసి, సంతకం చేస్తేనే మనిషి దిగాలి. ఇదే గాలి పరీక్ష. కాగితం మీద తారీకు పదమూడు, టైము పదకొండూ యాభై, అంకె సున్నా.

నేను లేచి నా బల్ల దగ్గరికి వెళ్ళాను. సొరుగులోంచి పసుపు మీటరూ, దాంతో ఉన్న రసీదూ తెచ్చి ఫైలు పక్కన పెట్టాను.

"సార్, ఇది అంకెలు చూపించడం మానేసిందని సైట్ నుంచి పదో తారీకున పంపించారు. రిపేరువాళ్ళు వచ్చి తీసుకెళ్ళింది పదహారున. నిన్ననే తిరిగొచ్చింది. పదమూడో తారీకున ఇది నా సొరుగులో ఉంది. మరి గాలి పరీక్ష దేంతో చేశారు?"

"ఇంకో మీటరుంటుంది."

"లేదు సార్. ఆరు కొన్నామని మనకి కాంట్రాక్టు ఇచ్చిన పై కంపెనీకి బిల్లు పెట్టాం. ఆ బిల్లు టైపు చేసింది నేను. స్టోర్‌లో ఉన్నది ఒకటేనని లిస్టు టైపు చేసిందీ నేనే."

రెండూ ఒకే వారంలో టైపు చేశాను. అప్పుడు తేడా తెలియలేదా అంటే, తెలిసింది. ఆ తేడా పేరు పోశన్న అని మాత్రం తెలియలేదు.

లస్మయ్యకు మా కోస్తా తెలుగు కొంత అర్థమైంది, కొంత కాలేదు. మీటరు వైపే చూస్తున్నాడు. దాన్ని అతను చాలాసార్లు చూసి ఉంటాడు, తాడు చివర.

రామకృష్ణారావు గారు కోపం దించుకుని, మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పటి గొంతుతో అన్నారు. "వసుంధరా, నువ్వు చదువుకున్నదానివి. పైవాళ్ళు పది ఇస్తే మధ్యలో ముగ్గురు కొరికి మనదాకా వచ్చేది రెండు. ఆ రెండులోనూ ఫోర్‌మన్ దగ్గర్నుంచి ఇన్‌స్పెక్షనుకి వచ్చేవాడిదాకా అందరికీ పెట్టాలి. ఎక్కడ మిగుల్చుకోమంటావు? ఇలాంటి మీటరు డబ్బాల దగ్గరే కదా. చమురు ధర పెరిగిన కొద్దీ జిడ్డు అందరి చేతికీ అంటుతుందమ్మా. నీ చేతికి అంటలేదా?"

"నేను రూపాయి ముట్టలేదు సార్."

"మే నెలలో వైజాగ్‌లో స్థలం కొన్నారు. సైట్ బోనస్ అని చెప్పాడు కదూ మీ ఆయన?" నిజంగానే జాలిగా చూశారు నా వైపు. "మన కంపెనీలో బోనస్ ఎప్పుడిచ్చారమ్మా?"

ఆ స్థలం రిజిస్ట్రేషన్ రోజు నేను పాయసం చేశాను. రామకృష్ణారావు గారికి గిన్నెలో పెట్టి పంపించాను కూడా.

"ఇంకా తెలుసుకోవాలనుందా? అయితే ఆ సంతకం ఎవరిదో కూడా చూడు," అని ఫైలుని నా వైపు తిప్పారు. నేను నోరు మూసుకుంటానని ఆయనకి అంత నమ్మకం. నా ఐదేళ్ళ సర్వీసు చూసిన ఎవరికైనా ఆ నమ్మకం కలుగుతుంది.

గాలి పరీక్ష సంతకం ఎప్పుడూ ఫరీదుద్దీన్‌ది. మా గ్యాస్ టెస్టరు అతనే. కానీ చెల్లెలి పెళ్ళికని అతను జూన్ నెలాఖరునే హైదరాబాద్ వెళ్ళాడు. ఆ టికెట్ బుక్ చేసిందీ నేనే. అతని సంతకం అక్కడ ఉండే వీల్లేదు.

అక్కడ ఉన్నది ఫరీదుద్దీన్ సంతకం కాదు. పొడుగ్గా సాగిన గీత, గీత కింద రెండు చుక్కలు. మా అమ్మాయి ప్రోగ్రెస్ రిపోర్టు మీద నెలనెలా చూసే సంతకం. దోహాలో మీటింగులో ఉన్నానన్న మనిషి, చేతిలో లేని మీటరుతో, చూడని గాలికి, సున్నా వేసి చేసిన సంతకం.

నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. సిగ్గు. ఆ తర్వాత ఒళ్ళంతా మండే కోపం. నా వంటింట్లోకి, నా పాయసం గిన్నెలోకి ఆ మడ్డిని మోసుకొచ్చారన్న కోపం.

"మేడం, ఎవలిది గా సంతకం?" అన్నాడు లస్మయ్య.

"చెప్పమ్మా, చెప్పు," అన్నారు రామకృష్ణారావు గారు, కుర్చీలో వెనక్కి వాలి.

"మా ఆయనది," అన్నాను.

కుర్చీ కిర్రుమంది. ఆయన ముందుకి వంగేలోపే ఫైలు మూసి, రసీదూ మీటరూ దాని మీద పెట్టుకుని గుండెకి అదుముకున్నాను. లస్మయ్య పక్కకి జరిగి, నాకూ రామకృష్ణారావు గారికీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

నా ఫోన్ మోగింది. గోడ గడియారంలో పదకొండున్నర. సైట్‌లో ఎండపని ఆపేసి ఉంటారు, తిన్నావా అని అడగడానికి ఆయన చేస్తున్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

ఆ రోజు తిన్నావా అని అడగలేదు.

"వసూ," అన్నారు మా ఆయన. "లస్మయ్య వేలిముద్ర వేసేశాడా?"

లస్మయ్య తిరిగి నా మొహం చూశాడు. ఐదేళ్ళుగా క్యాంప్ వాళ్ళంతా చూసి నమ్మిన మొహమే అది.

"వెయ్యలేదండీ," అన్నాను. "మీరు పెట్టిన సంతకం నా చేతిలో ఉంది."